ఎండుటాకుల చప్పుడు

రికార్డు అంచులు మాత్రమే తాకేలా రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఆమె దాన్ని దీపం కిందికి వంచింది. నల్లటి పళ్లెం మీద వెలుగు సన్నటి చారలా నడిమి నుంచి అంచు దాకా పడింది. రికార్డును తిప్పుతున్నా ఆ చార కదలకుండా ఉండాలి. ఊగిందంటే ఎక్కడో వంకర ఉన్నట్టు. ఊగలేదు. రెండో వైపు కూడా చూసి, తిరిగే బల్ల మీద పెట్టి, సూది దించి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకుంది.

తొమ్మిదిన్నరకు అది రెండో రికార్డు. ఎవరో పెద్దాయన వాయించిన పియానో. ఎలా వాయించాడని అడిగితే ఆమె చెప్పలేదు. పాట వెనకాల ఉండకూడనివాటి కోసమే ఆమె వింటుంది. టప్పున పగిలే బుడగ, కాగితం చింపుతున్నట్టు గరగర, నడిమి చిల్లు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగినందుకు తాగినవాడిలా తూలే స్వరం. అవేవీ లేకపోతే చీటీ మీద "మంచిది" అని రాసి పక్కన పెడుతుంది. ఉంటే "ఆపండి" అని రాస్తుంది. ఆ ఒక్క మాటకు బయట హాల్లో అంత పెద్ద ప్రెస్సు ఆగిపోతుంది. కొత్తగా వచ్చిన పాట ఎలా ఉందక్కా అని ఎవరైనా అడిగితే "శుభ్రంగా ఉంది" అనడం ఆమెకు అలవాటు.

అచ్చయిన ప్రతి యాభై రికార్డుల్లో ఒకటి ఈ గదిలోకి వస్తుంది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, కిటికీ లేదు. గోడలకు మందపాటి గుడ్డ, తలుపు వెనక ఇంకో తలుపు. బయటి నుంచి ఎవరైనా పిలవాలంటే మీట నొక్కుతారు, బల్ల మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది.

పంతొమ్మిదో ఏట రికార్డులను కవర్లలో పెట్టే పనికి ఆమె ఇక్కడ చేరింది. అప్పటి ఫోర్‌మన్ ఒకరోజు ఆమె వెనక నిలబడి గుండుసూదులు ఒక్కొక్కటే నేల మీద వదిలాడు.

"ఎన్ని?" అన్నాడు.

"ఏడండీ. ఒకటి మీ బూటు మీద పడింది."

మర్నాటి నుంచి ఆమెకు ఈ గది ఇచ్చారు. అసలు పేరు జీతాల కాగితాల్లోనే మిగిలింది. తనకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు కూడా చెవులక్కా అనే పిలిచారు. మధ్యలో పదకొండేళ్లు జనానికి రికార్డులు అక్కర్లేకపోయాయి. ఎనిమిది ప్రెస్సుల్లో ఆరు పాత ఇనుముకు పోయాయి. మిగిలిన రెండింటి మీద సీసా మూతలు పోశారు. చెవులక్క ఆ పదకొండేళ్లూ మూతల్ని కంటితో ఏరింది. మూతలకు చెవులెందుకక్కా అని ప్రెస్సు మీద ఉండేవాళ్లు ఏడిపిస్తే, "అందుకేగా మూసుకుని కూర్చున్నా" అనేది. తర్వాత లోకానికి ఎందుకో మళ్లీ రికార్డుల మీద మోజు పుట్టింది. ఆమె మళ్లీ గదిలోకి వచ్చి, దుమ్ము దులిపి, సూది మార్చి కూర్చుంది. మొత్తం ముప్ఫయ్యారేళ్లు.

పియానో మొదటి వైపు అయిపోయింది. రికార్డు తిరగేస్తూ ఆమె శబ్దం పెంచే నాబ్ వంక చూసింది. ఏళ్ల తరబడి అది మూడు మీద ఉండేది. ఏడాదిగా ఐదు మీద ఉంటోంది. యాంప్లిఫయర్ ముసలిదైపోయిందని సూపర్‌వైజరుకు చెప్పింది. మెకానిక్ వచ్చి విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. ఇప్పటివాళ్లకు పని రాదనుకుంది.

ఆ ఉదయం ఇంట్లో పాలు పొంగాయి. ఆమె పొయ్యికి జానెడు దూరంలో నిలబడి, కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తోంది. పాలు గిన్నె అంచు దాటి మంట మీద చుర్రుమంటుంటే లోపలి గదిలోంచి మరదలు పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. మరదలంటే ఆమె తమ్ముడి భార్య. తమ్ముడు పోయిన తర్వాత ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటున్నారు. మరదలు ఆసుపత్రులకు యూనిఫారాలు కుడుతుంది.

"అక్కడే ఉన్నావుగా వదినా! అంత చప్పుడవుతుంటే వినపడలా?"

"ఏదో ఆలోచనలో ఉన్నా."

"ఊరందరి పాటల్లో ఈగ వాలినా పట్టుకుంటావు, ఇంట్లో కొంప మునిగినా నీకు పట్టదు. రాత్రి కూడా మూడుసార్లు పిలిచా."

"నువ్వు గొణుగుతావు."

"నేనా? నేను మాట్లాడితే పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అడుగంటిన పాలతోనే టీ పెట్టుకుని తాగారు.

పదకొండు గంటలకు ఎర్రదీపం వెలిగింది. తలుపు తీస్తే సూపర్‌వైజరు చేతిలో ఒక వారపత్రిక పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక కవర్ల సెక్షన్‌లో పనిచేసే నలుగురు ఆడవాళ్లు, రెండో ప్రెస్సు నడిపేవాడు ఉన్నారు. ఆ ఫ్యాక్టరీలో ప్రెస్సు నడిపేవాళ్లను నంబర్లతోనే పిలుస్తారు. ఇతను రెండో నంబరు. మనిషి లావు, నవ్వు ఇంకా లావు.

"అక్కా, ఒకసారి బయటికి రా. నీ గురించే."

వ్యవహారమంతా ఒక రాక్ బ్యాండు గురించి. నలుగురు మనుషులు, వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. పాటలు వాళ్లే రాసి, వాళ్లే పాడి, ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకుంటూ తీరిక వేళల్లో వాయించుకునేవాళ్లు. మొదటి పాటలు ఒకరి ఇంటి మెట్ల కింద గదిలో రికార్డు చేశారు. ఈసారి తొలిసారిగా స్టూడియోకు వెళ్లి వారం రోజులు కూర్చుని ఒక ఆల్బమ్ తయారుచేశారు. ఆ పాత గది మీద బెంగతో దానికి 'మెట్ల కింద గది' అనే పేరు పెట్టారు. ఆర్నెల్ల కిందట ఐదు వందల కాపీలు ఇక్కడే అచ్చయ్యాయి. చెవులక్క వాటిలో పదింటిని ఈ గదిలో మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఆమెకు అవి గుర్తున్నాయి. గిటారు కంటే కిందుగా ఒక బరువైన తీగ మోగుతూ ఉంటుంది. ఈ మధ్య ఆమెకు అలాంటి మంద్ర స్వరాలే బాగా తోస్తున్నాయి. ఆ వారం ఆమె గిన్నెలు కడుగుతూ మూడో పాట వరస కూనిరాగం తీసింది. మరదలు కుట్టుమిషన్ ఆపి, "నువ్వు పాడుతున్నావా?" అని ఆశ్చర్యపోయింది.

ఆల్బమ్ బయటికొచ్చాక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక పత్రిక నాలుగు వాక్యాలు రాసింది, అందులో రెండు అట్ట మీది బొమ్మ గురించి. ఇంకో పత్రిక, వీళ్లు స్టూడియోకు వెళ్తూ గొంతులు ఇంట్లో మరిచిపోయారని రాసింది. ఇప్పుడు ఈ వారపత్రికలో ఒక పేరున్న విమర్శకుడు పేజీ నిండా రాశాడు. సూపర్‌వైజరు కళ్లజోడు పెట్టుకుని హాలంతా వినపడేలా చదివాడు.

"'రెండో వైపు మొదట్లో, పాట ఇంకా మొదలవకముందు, ఎవరో ఎండుటాకుల మీద నడుచుకుంటూ మన దగ్గరికి వస్తారు. ఆరు అడుగులు. ఆగుతారు. అప్పుడు గిటారు అందుకుంటుంది. ఈ ఏడాది నేను విన్నవాటిలో ఇంత అందమైన పదకొండు సెకన్లు ఇంకెక్కడా లేవు. ఆ అడుగులు లేకపోతే ఇది మంచి ఆల్బమ్. అవి ఉన్నందువల్ల మరిచిపోలేని ఆల్బమ్.'"

పత్రిక మడిచి ఆయన చుట్టూ చూశాడు.

"ఇంతకీ ఆ అడుగులు బ్యాండువాళ్లు పెట్టలేదంట. స్టూడియోవాళ్లూ పెట్టలేదంట. కొన్న వాళ్లలో సగంమంది, మా కాపీలో లేవేంటని ఉత్తరాలు రాస్తున్నారంట. అంటే ఎక్కడ పుట్టినట్టు? ఇక్కడే. మన ప్రెస్సు మీద."

"నా ప్రెస్సు మీద!" అని రెండో నంబరు చెయ్యెత్తాడు. "ఇరవయ్యేళ్ల నుంచీ పోస్తున్నా, పేపర్లో పడటం ఇదే మొదలు."

అందరూ నవ్వారు. చెవులక్క నవ్వలేదు.

"పోసినవాడిదేముందిలే, వదిలినవాళ్లది గొప్ప" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన గొంతులో నిజమైన గౌరవం ఉంది. "ముప్ఫయ్యారేళ్లలో ఒక్క బుడగ పోనివ్వని మనిషివి. ఇది నీ చెవిన పడకుండా పోయే ప్రసక్తే లేదు. విన్నావు, బాగుందనుకున్నావు, ఊరుకున్నావు. అంతేనా అక్కా? మాకు ఒక్క మాటైనా చెప్పలేదు చూడు!"

ఆమె ఏమన్నా అన్నదో, తలే ఊపిందో ఆమెకే తెలియలేదు. వాళ్లు మాత్రం ఔననే అనుకున్నారు. కవర్లావిడ ఒకతె వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. సూపర్‌వైజరు తన సొంత కప్పులో టీ పోయించి ఇచ్చాడు. మధ్యాహ్నం ఆ బ్యాండులో పాడే అమ్మాయి వస్తోందని, ఈసారి రెండు వేల కాపీలు కావాలంటున్నారని, ఆ అడుగులు మళ్లీ వచ్చేలా వేయగలమా అని అడుగుతున్నారని చెప్పాడు.

భోజనాల వేళ ఆమె తినడానికి వెళ్లలేదు. అచ్చయిన ప్రతి ఆల్బమ్‌లో ఒక కాపీని గదిలో దాచే అలవాటు ఉంది. 'మెట్ల కింద గది' బయటికి తీసి రెండో వైపు పెట్టింది. ఐదు మీద ఏమీ లేదు. ఆరు మీద ఏమీ లేదు. ఎనిమిది మీద పెట్టేసరికి గిటారు చెవుల్లో గునపంలా దిగింది, దాని ముందు మాత్రం వట్టి నిశ్శబ్దం. ఈ కాపీ మొదటి ప్రెస్సుదై ఉండొచ్చు, ఇందులో ఆ చప్పుడు లేకపోవచ్చు అనుకుంది. ఆ ఆలోచన పట్టుకుని మూడు గంటల దాకా పియానో రికార్డులు వింది. రెండింటి మీద "మంచిది" అని రాసింది. మూడోదాని మీద కలం పెట్టి, ఏమీ రాయకుండా తీసేసింది.

మూడు దాటాక పాడే అమ్మాయి వచ్చింది. ముప్ఫయి దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మందుల దుకాణంలో వేసుకునే తెల్ల కోటు మీదే వచ్చేసింది, జేబుకు ఇంకా పెన్ను ఉంది. సూపర్‌వైజరు ఆమెను గదిలో వదిలి, "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని వెళ్లిపోయాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆమెకిచ్చి చెవులక్క బల్లకు ఆనుకుని నిలబడింది.

"మీకు థాంక్స్ చెబుదామని వచ్చానండీ" అంది పాడే అమ్మాయి. "నిజం చెప్పనా? ఆ రివ్యూ రాకముందు మేం విడిపోదామనుకున్నాం. డ్రమ్స్ వాయించేవాడు వేరే ఊళ్లో ఉద్యోగం కూడా చూసుకున్నాడు. మా అమ్మయితే, ఇన్నేళ్లు పాడావు, ఇక గొంతుకి రెస్ట్ ఇవ్వవే అంది. ఇప్పుడు అందరూ ఫోన్లు చేస్తున్నారు. అంతా ఆ పదకొండు సెకన్ల వల్లే. అది మీరు విని, వదిలారట."

చెవులక్క బల్ల మీది చీటీలు సర్దింది.

"ఆ కాపీ తెచ్చాను. మీతో కలిసి ఒకసారి వినాలనిపించింది."

సంచీలోంచి రికార్డు తీసింది. చెవులక్క దాన్ని అందుకుని, అలవాటుగా దీపం కింద వంచి చూసి, తిరిగే బల్ల మీద పెట్టింది. గదిలో హెడ్‌ఫోన్లతో పాటు రెండు చిన్న స్పీకర్లు ఉన్నాయి. వాటిని కలిపి సూది దించింది. రికార్డు తిరుగుతోంది. పాడే అమ్మాయి కళ్లు మూసుకుంది, పెదవుల చివర చిన్న నవ్వు. ఆ నవ్వు మధ్యమధ్య కొంచెం పెరుగుతోంది, దేనికో జవాబిస్తున్నట్టు. చెవులక్క ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది. గిటారు మొదలైంది.

చెవులక్క సూది ఎత్తేసింది.

"నాకు వినపడలేదమ్మా."

"శబ్దం పెంచమంటారా?"

"ఇప్పుడే కాదు, అప్పుడూ వినపడలేదు. నేను వదల్లేదు. నాకసలు తెలీదు. అందరూ అలా అనుకుంటుంటే ఊరుకున్నాను, అంతే."

ఏం ఓదారుస్తుందోనని చెవులక్క భయపడింది. కానీ ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెయ్యి చాపింది.

"మీ చెయ్యి ఇలా ఇవ్వండి. మళ్లీ పెట్టండి."

చెవులక్క ఒక చేత్తో సూది దించింది. రెండో చేతి మణికట్టు మీద పాడే అమ్మాయి వేళ్లు గోళ్లతో చిన్నగా గీరాయి, చర్మం మీద చీమ పాకినంత. ఆగాయి. మళ్లీ గీరాయి. మొదటిది కాస్త పొడుగు, తర్వాతవి పొట్టి. ప్రతి రెండింటి మధ్యా ఒకటే ఎడం, రెండు సెకన్లకు కాస్త తక్కువ. చెవులక్క చూపు తిరిగే బల్ల మీదికి పోయింది. కాగితపు లేబులు మీద ఆల్బమ్ పేరు చుట్టూ తిరిగి వచ్చినప్పుడల్లా వేళ్లు గీరుతున్నాయి. ఆరోసారి గీరి ఆగిపోయాయి. గిటారు మొదలైంది.

"చుట్టుకొకటి" అంది చెవులక్క. ఆమె గొంతు మామూలుగా అయిపోయింది, పనిలో ఉన్నప్పటి గొంతు. "రికార్డు ఒకసారి తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తోంది. అంటే ఒక్క చోటే లోపం. ప్రెస్సుకు కుడివైపు ఆవిరి సరిగ్గా అందక అక్కడ అచ్చు నిండలేదు. లోపలికి పోయేకొద్దీ వేడి సర్దుకుంది, అందుకే ఆరింటితో ఆగింది. రెండో నంబరు ఆ రోజు కారుతున్న ఆవిరి పైపుకు గుడ్డ కట్టి నడిపి ఉంటాడు. వాడికది అలవాటు."

పాడే అమ్మాయి ఆమె వైపు అలాగే చూసింది.

"అయితే మళ్లీ తెప్పించొచ్చా?"

"తెప్పించొచ్చు. ఆవిరి కాస్త తగ్గిస్తే వస్తుంది. మరీ తగ్గితే అడుగుల బదులు గుర్రాలు పరుగెడతాయి. ఎంత తగ్గించాలో ఒక్కోటి విని చెప్పాలి ఎవరో. ఆ చెప్పే మనిషిని నేను కాను."

పాడే అమ్మాయి జేబులోంచి పెన్ను తీసి, మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"శుభ్రంగానే వేయండి" అంది చివరికి. "ఆకులు ఎలాగూ మావి కాదు. పాట మాది."

"జనం అడుగుల కోసం కొంటారేమో?"

"కొని తిట్టుకోనీండి. పాట విన్నాకేగా తిడతారు!" అని నవ్వింది. లేచి నిలబడి, "మా ఆల్బమ్ మీకెలా ఉంది?" అని అడిగింది.

ముప్ఫయ్యారేళ్ల నుంచి ఈ ప్రశ్నకు చెప్పే మాట చెవులక్క నోటి చివర దాకా వచ్చింది. దాన్ని ఆపుకుని కాసేపు ఆలోచించింది.

"మూడో పాట బాగుంది. ఇంట్లో పాడుకున్నా."

పాడే అమ్మాయి ముఖం విమర్శకుడి పేజీ గురించి చెప్పినప్పటి కంటే ఎక్కువగా వెలిగింది. వెళ్తూ వెళ్తూ రెండు తలుపులూ మెల్లగా మూసింది.

నాలుగున్నరకు చెవులక్క సూపర్‌వైజరు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు.

"ఎవరితోనూ అనకు. ఇంకో రెండేళ్లుంటే రిటైరవుతావు. ఏదైనా మిషన్ పెట్టుకుంటే సరిపోతుందిగా చెవికి? అందరూ పెట్టుకుంటున్నారు."

"మాటలు వినడానికి పెట్టుకుంటాలే. బుడగలు వినడానికి అది చాలదు."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందక్కా?"

"నాకు తెలిసిపోయిందిగా. రేపు చీటీ మీద మంచిదని ఎలా రాయను?"

ఆయన బల్ల మీద ఉన్న వారపత్రికను అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాడు. "కవర్లలో కూర్చో, పోనీ."

"అక్కడి నుంచే వచ్చాను, మళ్లీ అక్కడికెందుకు? మా మరదలు తప్పు పడ్డ కుట్లు విప్పేవాళ్లు కావాలంటోంది. దానికి కళ్లుంటే చాలు." ఆమె కుర్చీలోంచి లేచింది. "నా చోట్లో పొద్దున నా భుజం మీద చెయ్యేసిన కవర్లావిడను కూర్చోబెట్టండి. మీరు ఈ గదిలో గుసగుసలాడినవి కూడా హాలు అవతలి నుంచి వింటుంది. పనికొస్తుంది."

ఆయన నవ్వబోయి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రేపు ఒక పార్టీ చేద్దాం. అందరం..."

"వద్దు. మీరంతా మాట్లాడతారు, నాకు సగం వినపడదు."

హాల్లో ప్రెస్సులు నడుస్తున్నాయి. రెండో నంబరు ఆమెను చూసి అక్కడి నుంచే చెయ్యి ఊపాడు. ఆమె దగ్గరికి వెళ్లి, "ఆ పైపుకు కట్టిన గుడ్డ తీసి వాషరు వేయించు" అని చెప్పింది. వాడు నాలుక కరుచుకుని, "నీకెలా తెలిసిందక్కా?" అన్నాడు. ఆమె గదికి వచ్చేసింది.

పియానో రికార్డుల మీద "మంచిది" అని రాసిన ఆ నాటి చీటీలన్నీ చించేసి, "మళ్లీ వినాలి" అని కొత్తవి పెట్టింది. హెడ్‌ఫోన్లను తడిగుడ్డతో తుడిచింది. బల్ల తుడిచింది. తిరిగే బల్లకు మూత వేసింది. తన సంచీలో వేసుకోవడానికి ఒక దువ్వెన, ఒక గ్లాసు తప్ప ఏమీ కనిపించలేదు.

అలమార పై అర ఖాళీ చేస్తుంటే వెనక ఒక తువ్వాలు మూట చేతికి తగిలింది. విప్పితే గోడ గడియారం. ఆమె ఈ గదికి వచ్చిన మొదటి వారం అది ఈ గోడ మీదే ఉండేది. దాని సెకను ముల్లు చప్పుడుకు పాట వినలేకపోతున్నానని తనే కుర్చీ ఎక్కి దించి, బ్యాటరీ పీకేసి, తువ్వాలులో చుట్టి పైన పెట్టింది. ఆ తర్వాత దాని ఊసే మరిచిపోయింది. తెల్లటి పళ్లెం పసుపు రంగుకు తిరిగింది. ముళ్లు ఏడుంపావు దగ్గర ఆగి ఉన్నాయి.

సొరుగులోని టార్చిలైటు విప్పి ఒక బ్యాటరీ తీసి గడియారం వెనక పెట్టింది. తన చేతి వాచీ చూసి ఐదూ ఇరవైకి ముళ్లు తిప్పింది. సెకను ముల్లు ఒకసారి వణికి, కదిలింది. ఒక్కో గీత మీద ఆగి, ముందుకు దూకుతోంది. కుడి చెవికి ఆనించుకుంది. ఎడమ చెవికి ఆనించుకుంది. గాజు చల్లగా తగిలింది. అంతకు మించి ఏమీ లేదు.

గోడకు కట్టిన గుడ్డలో పాత మేకు ఇంకా ఉంది. కుర్చీ ఎక్కి గడియారాన్ని దానికి తగిలించింది. దిగి, దీపం ఆర్పి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. లోపలి తలుపు మూసుకుంది. తర్వాత బయటి తలుపు.

కిటికీ లేని ఆ చీకటి గదిలో, కాస్త వంకరగా వేలాడుతూ, గాజు మీద తువ్వాలు పోగు ఒకటి అంటుకుని, గడియారం టక్ టక్‌మని గట్టిగా నడుస్తోంది.